మిరప కల్లంలో ఆగిపోయిన పరిశోధన

రిటైరై ఇంట్లో కూర్చున్న ఆయుర్వేద డాక్టరుకు ఎవరు ఫోన్ చేస్తారులే అనుకునేవాణ్ణి. చేస్తారు. నడుం నొప్పికి ఏం వాడాలని చుట్టాలు చేస్తారు, పరిశోధనలోకి వెళ్తే భవిష్యత్తు ఉంటుందా సార్ అని కుర్ర డాక్టర్లు చేస్తారు. చుట్టాలకు చెప్పడం తేలిక. కుర్రవాళ్ళకు ఇంతకాలం మర్యాద కోసం ఏదో ఒకటి చెప్పి ఫోన్ పెట్టేస్తూ వచ్చాను. ఫెలోషిప్పులున్నాయి, పరిశోధనా మండళ్ళు ఏటా ప్రకటనలు వేస్తాయి, చూసుకుంటూ ఉండండి అని. అందులో అబద్ధం లేదు. ప్రకటనలు నిజంగానే వేస్తారు. అయితే ఆ ప్రకటన పట్టుకుని బయల్దేరిన ఒక మనిషి ఎంతదూరం వెళ్ళగలిగిందో దగ్గరుండి చూసినవాణ్ణి నేను. అది చెబుతాను. విన్నాక వెళ్ళేవాళ్ళు వెళ్ళండి, మానుకునేవాళ్ళు మానుకోండి, నన్ను మాత్రం తిట్టుకోకండి.

నా సర్వీసు చివరి రోజుల్లో నరసరావుపేటలో మాకొక చిన్న పరిశోధనా విభాగం ఉండేది. విభాగం అనగానే అద్దాల గదులు ఊహించుకోకండి. ఆయుర్వేద ఆసుపత్రి వెనక రెండు గదులు, తలుపు సరిగా పడని ఫ్రిజ్, కరెంటు ఉన్నప్పుడు నెట్ రాని కంప్యూటరు. దానికి అధిపతిని నేను. నా కింద ఫార్మసిస్టు ఒకాయన. ఆయన మందు చెయ్యడంలో దిట్ట, మిగతా ప్రతిదానికీ సణుగుతాడు. మహర్షులు చెప్పిపోయినదాన్ని మళ్ళీ మనం పరీక్ష చేసేదేంది అని ఆయన బాధ. మా వృత్తిలో సగంమంది బాధ అదే. మిగతా వైద్యులకేమో మేం చేసేదంతా ఆకులూ అలమూ. ఇట్లాంటి ఇద్దరి మధ్య నిలబడి, ఈ మందు పనిచేస్తుందో లేదో తేల్చుకుంటాం, కాస్త డబ్బివ్వండి అని అడగడమే నా ఉద్యోగం. చాలాసార్లు అడిగాను. చాలాసార్లు లేదన్నారు.

చివరికి ఒక్కదానికి ఒప్పుకున్నారు. మిరపకాయల పనిచేసే ఆడవాళ్ళ చేతుల మంట మీద. పల్నాడులో పుట్టినవాళ్ళకు దీని గురించి చెప్పక్కర్లేదు. మిగతావాళ్ళ కోసం చెబుతున్నా. కాయలు కోసి, కల్లంలో ఎండబెట్టి, పనికిరాని తాలు కాయలు ఏరి, తొడిమలు తీసే ఆడవాళ్ళ చేతులు సీజనంతా మండుతూనే ఉంటాయి. ఎర్రగా ఉబ్బుతాయి, పగుళ్ళిస్తాయి. ఆ చేత్తో చంటిపిల్లను ఎత్తుకుంటే పిల్ల గుక్కపెట్టి ఏడుస్తుంది. మజ్జిగలో చేతులు ముంచుకుని కూర్చునేవాళ్ళను నా చిన్నప్పట్నుంచీ చూస్తున్నాను. దీనికి మా శాస్త్రంలో ఒక లేపనం ఉంది. ఆవునెయ్యిని రాగి పాత్రలో నీళ్ళు పోసి పిసికి, ఆ నీళ్ళు పారబోసి, మళ్ళీ పోసి, అలా వందసార్లు కడుగుతారు. నెయ్యి వెన్నలా తెల్లబడి చల్లని పూత అవుతుంది. అది ఈ మంటకు పనిచేస్తుందా అన్నది మా ప్రశ్న.

తేల్చే పద్ధతి కూడా సులువైనదే. సగంమందికి నెయ్యి లేపనం, మిగతా సగానికి అలాగే కనిపించే సాదా పూత ఇవ్వాలి. ఎవరికి ఏది వెళ్ళిందో ఆడవాళ్ళకూ తెలియకూడదు, చేతులు పరీక్ష చేసేవాళ్ళకూ తెలియకూడదు. డబ్బాల మీద అంకెలే ఉంటాయి. సీజన్ చివర చూస్తే నెయ్యి వాడినవాళ్ళకు ఎక్కువ తగ్గిందో లేదో బయటపడుతుంది.

ఆ పనికి ఫెలోగా వచ్చింది ఒకమ్మాయి. వినుకొండ. తండ్రికి బస్టాండు దగ్గర మోటార్లు బాగుచేసే షాపు. ముస్లింల ఇంట్లో పుట్టి ఆయుర్వేదం ఎందుకు చదివావమ్మా అని అందరూ అడిగేవాళ్ళు, సీటు వచ్చింది కాబట్టి అని అందరికీ ఒకటే జవాబు చెప్పేది. చదివాక మాత్రం ఇష్టం పట్టుకుంది. తోటివాళ్ళు క్లినిక్కులు పెట్టుకుని ఇంగ్లీషు మాత్రలు రాస్తుంటే, ఈ పిల్ల ఫెలోషిప్పుల ప్రకటనలు వెతుక్కుంటూ కూర్చుంది. కొన్నింటికి రాసింది, ఇంటర్వ్యూ దాకా వెళ్ళింది, రాలేదు. మా దగ్గరికి వచ్చేసరికి ఇలాంటి వాటికి పెట్టే వయసు హద్దుకు దగ్గరపడింది.

మా ప్రాజెక్టు మొదటి దశ ఒక్క సీజనే. అది బాగుందనిపిస్తే రెండో దశ ఇస్తారు. అప్పుడు ఆమెకు పీహెచ్‌డీ రిజిస్ట్రేషన్ వస్తుంది, కొన్నేళ్ళు జీతం వస్తుంది, ఆ తర్వాత పరిశోధనాధికారి పోస్టులకు అర్హత వస్తుంది. బాగాలేదనిపిస్తే ఏమీ రాదు, వయసు మాత్రం దాటిపోతుంది. ఇది ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు, ఆఖరికి సణిగే ఫార్మసిస్టుకూ తెలుసు.

పని మాత్రం నేను అంతవరకూ చూడనంత శ్రద్ధగా చేసింది. రాజుపాలెం వైపు కల్లాలకు పొద్దున్నే బస్సెక్కి పోయేది. ఆడవాళ్ళ మధ్య కూర్చుని తొడిమలు తీస్తూ మాట్లాడేది, అందుకని ఆమె చేతులూ మండేవి. నువ్వు కూడా మందు రాసుకోవచ్చుగా అంటే, నాకేది రాసుకోవాలో నాకు తెలియకూడదు కదా సార్ అని నవ్వేది. ఆ కల్లాల్లో పనిచేసే ముఠాకు పెద్ద ఒకావిడ, నడివయసు మనిషి. కూలి మాట్లాడేది ఆవిడే, తెచ్చి పంచేది ఆవిడే, ఎవరికైనా జ్వరమొస్తే ఆటో మాట్లాడేది ఆవిడే. అందరూ మేస్త్రమ్మ అంటారు. మా అమ్మాయి అత్తా అని పిలిచేది. ఆ మేస్త్రమ్మ సరే అన్నందుకే ముఠా మొత్తం మా పరీక్షకు ఒప్పుకుంది.

సీజన్ సగం గడిచేసరికి చేతులు బాగుపడ్డాయి. ఒకరిద్దరివి కాదు, దాదాపు అందరివీ. ఫార్మసిస్టుకు పట్టపగ్గాల్లేవు. నేను చెప్పలేదా అని వచ్చినవాళ్ళందరికీ చెప్పుకున్నాడు. నేనూ లోలోపల పొంగిపోయాను, దాచుకోవడమెందుకు. ఆ అమ్మాయి ఒక్కతే ముఖం ముడుచుకుని కూర్చుంది.

"అందరికీ ఒకేలా తగ్గితే ఎట్టా సార్?" అంది. "సగంమందికి ఇచ్చింది ఉత్త పూత కదా."

సాదా పూత కూడా కొంత మేలు చేస్తుందిలే అన్నాను. చెయ్యొచ్చు సార్, కానీ ఇంత సమానంగా చెయ్యదు అంది. మర్నాడు కొత్త డబ్బాలు పంచే రోజు. పంచి వచ్చాక, ఆ మర్నాడు చెప్పకుండా ఒకసారి వెళ్దాం, మీరూ రండి అంది. సరేనని వెళ్ళాను.

మేం వెళ్ళేసరికి భోజనాల వేళ. ఎర్రగా పరిచిన కాయల పక్కన టార్పాలిన్ పట్టా నీడలో ఆడవాళ్ళు క్యారియర్లు విప్పుతున్నారు. మేస్త్రమ్మ ముందు ఒక స్టీలు బేసిను ఉంది. దాని చుట్టూ మేమిచ్చిన డబ్బాలన్నీ మూతలు తీసి ఉన్నాయి. ఆవిడ ఒక్కో డబ్బా బేసినులోకి బోర్లించి, గరిటెతో గీకి, అంతా కలుపుతోంది. మమ్మల్ని చూసి దాచుకోలేదు. దాచుకోవాల్సిన పనని ఆవిడకు తెలియదు కూడా. రండి డాక్టరు గారూ, మజ్జిగ తాగుదురుగాని అని ఎవరినో పురమాయించింది.

"ఏం చేస్తున్నావత్తా?" అంది అమ్మాయి. గొంతు మామూలుగానే ఉంది.

"మందు పంచుతున్నానమ్మా. కొన్ని డబ్బాల్లోది నెయ్యి వాసనొచ్చుద్ది, మంచిది. కొన్నిట్లోది ఉత్తది. ఒక ముఠాలో వొకళ్ళకి మంచిదీ వొకళ్ళకి ఉత్తదీ అయితే ఎట్టా? కూలైనా టీ అయినా మా దాంట్లో అందరికీ ఒకటే. అందుకని మొత్తం కలిపి సమానంగా పెడతన్నా."

"మొదట్నుంచీ ఇట్టాగేనా?"

"నువ్వు తెచ్చిన మొదటి రోజు నుంచీ ఇంతే. నువ్వు చిన్నపిల్లవి, తెలీక ఎవురికో తక్కువది ఇచ్చావనుకో, రేపు వీళ్ళంతా నిన్నంటారుగా. నీకు మాట రాకుండా నేనే సర్దేస్తన్నా."

ఆ అమ్మాయి వెళ్ళి ఆవిడ పక్కన కూర్చుంది. బేసినులోకి ఒకసారి చూసింది. తర్వాత వాళ్ళిచ్చిన మజ్జిగ తాగింది, అందరి చేతులూ ఎప్పటిలాగే చూసింది, చిన్నపిల్లల తల్లి ఒకామె చేతి పగులు గురించి అడిగింది. అక్కడున్న ఆడవాళ్ళందరూ రాసుకుంటున్నది ఒకే మిశ్రమం అయ్యాక, ఇక ఎవరి చేతిని ఎవరి చేతితో పోల్చి ఏం తేలుస్తాం? మంట తగ్గింది నెయ్యి వల్లనా, ఏదో ఒక జిడ్డు రాసుకోవడం వల్లనా, డాక్టరమ్మ రోజూ వచ్చి పలకరించడం వల్లనా, ఎవరూ చెప్పలేరు. పరీక్ష మొదటి రోజే చచ్చిపోయింది. మేం ఇన్నాళ్ళూ దానికి అన్నం తినిపిస్తున్నాం.

మా పథకాన్ని ఎంతోమంది చదివారు. నేను రాశాను, పైవాళ్ళు దిద్దారు, నిపుణులు ఆమోదించారు. అందరం ఈ మిరపకాయలు తిని పెరిగినవాళ్ళమే. ముఠా అంటే ఒకరి పక్కన ఒకరు కూర్చున్న విడివిడి మనుషులు కాదన్న సంగతి ఒక్కరికీ గుర్తు రాలేదు. ఒక ముఠాకు మొత్తం నెయ్యి, ఇంకో ముఠాకు మొత్తం సాదా పూత ఇచ్చి ఉంటే సరిపోయేది. అందరం బాగా చదువుకున్నవాళ్ళం మరి.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఆ అమ్మాయి ఒక్కటే మాట అంది. వాళ్ళకు చెప్పొద్దు సార్, వాళ్ళు నా కోసమే చేశారు, తెలిస్తే బాధపడతారు అని.

విషయం విన్న ఫార్మసిస్టు ఆ రోజు సణగలేదు. తలుపు దగ్గరగా వేసి, నెమ్మదిగా మాట్లాడాడు. రెండు గుంపులకూ తేడా కనపడలేదంటే మనుషులు తక్కువైనందున అని రాయండి, ఎక్కువమందితో మళ్ళీ చెయ్యాలి, రెండో దశ ఇవ్వండి అని అడగండి అన్నాడు. చేతులు బాగుపడ్డ ఫోటోలు ఎలాగూ ఉన్నాయి. "కల్లంలో బేసినెవరు చూశారండీ? ఆ పిల్ల బతుకు చూడండి," అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. ఆ పిల్ల మీద ప్రేమతోనే అన్నాడు, ఆయన చెప్పినట్టు రాస్తే రెండో దశ వచ్చేది కూడా. అలా రాసి తెచ్చుకున్నవాళ్ళు నాకు తెలుసు.

నివేదిక మీద సంతకం నాది. కాబట్టి ఉన్నది ఉన్నట్టే రాశాను. రెండో దశ సంగతి తేల్చే కమిటీ సమావేశానికి మాత్రం ఆమెను రావద్దన్నాను. నేను ఎలాగూ రిటైరయ్యేవాణ్ణి, వచ్చే చెడ్డపేరేదో నా మీద వేసుకుంటాను, నీ దరఖాస్తులో ఈ మచ్చ ఎందుకమ్మా అన్నాను. ఒప్పుకోలేదు. కల్లానికి వెళ్ళింది నేను సార్, నేనే చెప్పాలి అంది.

సమావేశం విజయవాడలో ఒక హోటల్లో. ఆ రోజు ఆమె తండ్రి కూడా వచ్చాడు. కూతురు ఉద్యోగం పర్మనెంటయ్యే రోజని ఆయనకు ఎవరు చెప్పారో, షాపు మూసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. గోళ్ళ అంచున ఆయిలు నలుపు అలాగే ఉంది. నన్ను చూసి లేచి నిలబడి, మీ దయ సార్ అన్నాడు. కూర్చోండి కూర్చోండి అన్నాను. ఆయన కింది అంతస్తులోనే సోఫా అంచున కూర్చుండిపోయాడు, మేం పైకి వెళ్ళాం.

కమిటీలో ముగ్గురున్నారు. మా వైద్యంలో పేరున్న పెద్దాయన ఒకరు, మందుల శాస్త్రం బోధించే అల్లోపతి ప్రొఫెసరమ్మ ఒకరు, డబ్బు చూసే అధికారి ఒకరు. ఆ అమ్మాయి ఉపోద్ఘాతం ఏమీ లేకుండా బేసిను సంగతి చెప్పేసింది. ఎక్కడ, ఎప్పట్నుంచీ, ఎందుకు, అన్నీ. మేస్త్రమ్మది తప్పు కాదని కూడా చెప్పింది.

నేను భయపడింది ప్రొఫెసరమ్మ గురించి. ఆమే మర్యాదగా మాట్లాడింది. ముఠాలను ముఠాలుగానే తీసుకుని ఇది మళ్ళీ చెయ్యాలి, చెయ్యదగ్గ పని అంది. మా పెద్దాయనకు మాత్రం కోపమొచ్చింది. శాస్త్రం చెప్పిన ఔషధాన్ని ఉత్త జిడ్డుతో కలిపించి పరీక్ష అంటారా అన్నాడు. కలిపింది మేం కాదని చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. డబ్బు అధికారి కాగితాలు సర్దుకుంటూ, మొదటి దశ విఫలమైతే రెండో దశకు నిబంధన ఒప్పుకోదు, కొత్తగా దరఖాస్తు చేసుకోండి అన్నాడు. చివర్లో, ఈమె నిజాయితీని కమిటీ ప్రశంసిస్తున్నట్టు మినిట్స్‌లో రాద్దాం అంది ప్రొఫెసరమ్మ. మిగతా ఇద్దరూ దానికి అభ్యంతరం చెప్పలేదు.

మేం కిందికి రాగానే తండ్రి ఎదురొచ్చాడు.

"ఏమన్నారు బేటా?"

"మెచ్చుకున్నారు అబ్బాజాన్," అంది. "రాసుకున్నారు కూడా."

ఆయన ముఖం చూడలేక నేను గోడ మీద బొమ్మ చూశాను. ఆయన బయటికి తీసుకెళ్ళి మా ఇద్దరికీ టీ ఇప్పించాడు, నన్ను జేబులో చెయ్యి పెట్టనివ్వలేదు.

కొత్తగా దరఖాస్తు పెట్టాం. ఈసారి ముఠాలు ముఠాలుగా, ఎక్కువ ఊళ్ళతో, తప్పు పట్టడానికి వీల్లేకుండా రాసింది ఆ అమ్మాయి. జీతం అప్పటికే ఆగిపోయింది, సొంత ఖర్చుతో వినుకొండ నుంచి వచ్చి రాసేది. చాలా నెలలకు జవాబొచ్చింది. ప్రతిపాదన బాగుందట, ఈ ఏడాది ప్రాధాన్యాలు వేరట. ఈలోగా ఆమెకు వయసు హద్దు దాటింది. నేను రిటైరయ్యాను. మా రెండు గదుల్లో ఇప్పుడు సెలైన్ సీసాల అట్టపెట్టెలు పెట్టుకున్నారని విన్నాను. చూడ్డానికి వెళ్ళలేదు.

ఆ మరుసటి సీజన్లో మేస్త్రమ్మ అడ్రసు కనుక్కుని మా ఇంటికే వచ్చింది. ముఠాలో చేతులు మళ్ళీ మండుతున్నాయట. ఆ మందు ఇవ్వరా అంది. పైవాళ్ళు ఆపేశారమ్మా అన్నాను.

"పోనీ యాడన్నా కొనుక్కుంటాం. ఆ రెంటిట్లో ఏది పనిచేసిద్దో చెప్పండి."

తెలియదన్నాను. ఆవిడ నన్ను వింతగా చూసింది. ఇంత చదువుకుని, అన్నాళ్ళు చేతులు చూసి, ఫోటోలు తీసి, తెలియదంటాడేంది అనుకుని ఉంటుంది. నెయ్యి వల్ల నష్టమేం లేదు, రాసుకోండి అని మాత్రం చెప్పి, చేసుకునే తీరు చెప్పాను. వెళ్తూ వెళ్తూ, మా డాక్టరమ్మకి పెళ్ళయిందా, అందుకని రావట్లేదా అంది. వాళ్ళకు చెప్పొద్దు సార్ అని బస్సులో ఆ అమ్మాయి అన్న మాట గుర్తొచ్చింది. అవునూ కాదూ అనకుండా గేటు దాకా వెళ్ళి పంపించి వచ్చాను. అంత దిగులు నాకు రిటైరైన రోజున కూడా లేదు.

ఆ అమ్మాయి ఇప్పుడు హైదరాబాదులో ఉంది. వైద్య బీమా క్లెయిములు పరిశీలించే ఆఫీసులో ఉద్యోగం. మా చదువు చదివినవాళ్ళు చాలామంది చివరికి అక్కడే తేలుతున్నారు. జీతం మేమిచ్చినదానికంటే నయమే. అప్పుడప్పుడూ ఫోన్ చేస్తుంది. మొన్న చేసినప్పుడు పని ఎలా ఉందని అడిగాను. ఆయుర్వేద ఆసుపత్రుల బిల్లులొస్తే నాకే పంపిస్తారు సార్, దాని గురించి చదివింది నేనే కదా అంది.

"చాలావరకు కొట్టేయాల్సే వస్తుంది. కారణం దగ్గర 'తగిన ఆధారాలు లేవు' అని నొక్కాలి. మొదట్లో చెయ్యి ఆడేది కాదు సార్. ఇప్పుడు నొక్కేస్తున్నాను. అబద్ధం కాదుగా, నిజంగానే లేవు. తెచ్చే పని మనదే కదా."

మాట మార్చాలని నాన్న ఎలా ఉన్నాడమ్మా అన్నాను. బాగున్నాడంది. షాపుకొచ్చిన ప్రతివాళ్ళకూ మా అమ్మాయి హైదరాబాదులో పెద్ద పరిశోధన చేస్తోందని చెప్పుకుంటున్నాడట.

"కమిటీ ముందు చెప్పగలిగాను గానీ, ఆయనకు చెప్పలేకపోతున్నా సార్," అంది.